పడటం తెలిసిన మనిషి

మొన్న దసరా సెలవులకి వచ్చిన మా మనవరాలు, వచ్చిన రోజు సాయంత్రమే మా నడిమి గదిని యుద్ధభూమి చేసేసింది. చెవులకి డిప్పలు తగిలించుకుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, ఎక్కడెక్కడి ఊళ్ళలోనో కూర్చున్న స్నేహితులతో కలిసి, ఇంకెక్కడెక్కడో కూర్చున్న శత్రువుల మీద దండయాత్ర. తెర మీద ఆ పిల్ల కత్తి దూసిన రాణి. ఇంట్లో మాత్రం ఉల్లిపాయ తరగడానికి కూడా కత్తి పట్టుకోదు. నేను టీ గ్లాసుతో వెనక నిలబడి చూశాను. అర్థమైంది తక్కువ, అర్థమైనట్టు తల ఊపింది ఎక్కువ. జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాడికి అదేమంత కష్టం కాదు.

మొదటి యుద్ధం చాలాసేపు సాగింది. చివరికి రాణిగారు కూలిపోయారు. మనవరాలు డిప్పలు తీసి, మొహమంతా వెలిగిపోతూ, "ఓడిపోయాం తాతయ్యా! అబ్బ, ఏం యుద్ధం!" అంది. రెండో యుద్ధం నా టీ చల్లారేలోగా అయిపోయింది. అందులో గెలిచింది. మొహం చూస్తే పరీక్ష తప్పినట్టుంది.

"గెలిచావుగా?" అన్నాను.

"అవతలివాళ్ళకి ఆడటం రాదు తాతయ్యా. ఇలా కొడితే అలా పడిపోయారు. చప్పగా ఉంది."

ఆ మాటతో నా చెవి పక్కన ఎవరో కొబ్బరికాయ ఊపినట్టయింది. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గానీ, ఆ చప్పుడు పోలేదు.

అమలాపురంలో మా వీధంతా ఆయన్ని బాబాయిగారు అనేది. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. ఓడలరేవు నుంచి వచ్చి స్థిరపడిన కొబ్బరి వ్యాపారి. భారీ మనిషి, అంతకంటే భారీ నవ్వు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయల రాశి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టి ఊపి, నీళ్ళ చప్పుడు విని, ఇటో అటో పడేసేవారు. ఆ అలవాటు మనుషుల దగ్గరా పోయేది కాదు. మనం ఏదైనా చెబుతుంటే తల ఒక పక్కకి వంచి, కళ్ళు సగం మూసి వినేవారు. మన మాటలో నీళ్ళున్నాయో, ఎండిపోయి వట్టి డొల్లో తేల్చుకుంటున్నట్టు ఉండేది. నేను మాట్లాడుతున్నప్పుడు చాలాసార్లు చిరునవ్వు నవ్వేవారు. ఏ రాశిలో పడేశారో ఎప్పుడూ చెప్పలేదు.

అమలాపురంలో దసరా అంటే తాలింఖానా. ఒక్కో వీధీ ఒక్కో వాహనాన్ని ఊరేగిస్తుంది. ఆ వాహనం ముందు వీధి మగవాళ్ళు తాషా డప్పుల మోతకి కర్రలూ కత్తులూ తిప్పుతూ నడుస్తారు. కళ్ళకి గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి పొట్ట మీద పెట్టిన దోసకాయని కత్తితో రెండుగా నరుకుతారు. నరికినాయన మర్నాడు తాలూకా ఆఫీసులో నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని, ఫైలు దారం ముడి విప్పలేక నన్ను పిలిచేవాడు.

నేను డెబ్భైల మొదట్లో ఆ ఆఫీసు రికార్డుల గదికి గుమాస్తాగా వచ్చాను. బాబాయిగారి ఇంట్లోనే పక్క వాటాలో అద్దెకి దిగాను. వీధిలో ఉన్నాక తాలింఖానాలో ఉండాలన్నారు. మొదటి రోజు కర్ర తిప్పితే నా చెవికి తగిలింది. రెండో రోజు నేర్పుతున్న గురువుగారి చెవికి తగిలింది. మూడో రోజు ఆయన నా చేతిలోంచి కర్ర తీసుకుని మైకు పెట్టారు. "కర్ర తిరగనోడికి నాలిక తిరుగుద్దండీ. మీరు దూరంగా నిలబడి మాటాడండి" అన్నారు. ఆ దూరంగా అన్న మాట రెండుసార్లు అన్నారు.

మా వీధి ప్రదర్శనలో ఆఖరిది కర్రసాము జోడీ. ఇద్దరు మనుషులు, రెండు కర్రలు. ఒకరు గెలుస్తారు, ఒకరు పడతారు. ఎవరు పడతారో ముందే అనుకున్నదే. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దేవుడి కల్యాణం ఏటా చేసినా ఏటా కొత్త పెళ్ళే కదా, అలాగన్నమాట. పడే మనిషి ఎప్పుడూ బాబాయిగారే. నేను వచ్చేటప్పటికే ఆయన చాలా ఏళ్ళుగా పడుతున్నారు.

మైకు చేతికొచ్చిన మొదటి దసరాకి, మాట మీద నాకున్న మోజు కొద్దీ నేను ఊరుకోలేదు. బాబాయిగారు పడగానే, "ఓడలరేవు నుంచి వచ్చినవారు ఓడక ఏం చేస్తారండీ!" అని అరిచాను. జనం నవ్వారు. కింద పడి ఉన్న బాబాయిగారి పొట్ట కూడా కదిలింది. మర్నాడు పొద్దున్నే నాకు కబురొచ్చింది. భయపడుతూ వెళ్ళాను. బొండాం కొట్టి చేతికిచ్చారు.

"నిన్న బాగా అన్నారండీ కవిగారూ." అప్పటినుంచీ నేను కవిగారినే. అది బిరుదో దెబ్బో ఇప్పటికీ తేల్చుకోలేదు. "అయితే ఒక్క మాట. ఓడలు వస్తాయండీ, పోతాయండీ. రేవు ఉండాలా వద్దా?"

నేను బొండాంలోకి చూస్తూ తాగాను. ఆయన అన్నది నిజమే. ఆయన్ని పడగొట్టిన వీరులు నాకు తెలిసే ఇద్దరు మారారు. ఒకడు ఉద్యోగం వచ్చి కాకినాడ వెళ్ళిపోయాడు, ఒకడికి పెళ్ళయి బొజ్జ వచ్చింది. మూడోవాడు శేషు. రైసు మిల్లు వాళ్ళ అబ్బాయి, తలుపంత ఛాతీ. మంచివాడు. ఒకటే లోపం. గెలుస్తున్నది తనే అనుకునేవాడు.

బాబాయిగారి యుద్ధం దసరా రోజున మొదలయ్యేది కాదు, నెల ముందే మొదలయ్యేది. పొద్దున్నే హోటల్లో ఇడ్లీ ముందు కూర్చుని నిట్టూర్చేవారు.

"ఈ యేడు నా పని అయిపోయిందండీ. శేషుగాడి కర్ర చూసేరా? గాలి కూడా పక్కకి తప్పుకుంటంది."

హోటలు ఆయన దోసె తిరగేస్తూ, "మీకేటండీ బాబాయిగారూ, మీ అనుభవం ఎక్కడ, ఆ కుర్రోడెక్కడ" అనేవాడు.

"అనుభవం ఉంది గాబట్టే భయం కూడా ఉందండీ."

సాయంత్రానికి ఆ భయం మార్కెట్టుకి చేరేది. అక్కడినుంచి కొబ్బరి లారీలెక్కి కొత్తపేట, ఆలమూరు దాకా వెళ్ళేది. పండగ వచ్చేసరికి సగం ఊరు శేషుని భీముడు అనుకునేది. మిగతా సగం, పాపం ఈ యేడైనా ఆ పెద్దాయన గెలిస్తే బాగుండునని మొక్కుకునేది. శేషు కండలు ఎంతో అంతే, నిరుటి కంటే పెరిగిందేమీ ఉండేది కాదు. పెరిగిందంతా బాబాయిగారి భయంలోనే. అల్లవరం నుంచి ఎడ్ల బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు ఆ భయాన్ని చూడ్డానికే వచ్చేవాళ్ళు.

ఒకసారి కాయల రాశి దగ్గర కూర్చుని అడిగాను. "ఎప్పుడూ మీరే పడటం ఎందుకండీ? ఒక్కసారి గెలవాలనిపించదా?"

ఆయన చేతిలో కాయ చెవి దగ్గర పెట్టి ఊపారు.

"కొట్టేవోడు దెబ్బే కొడతాడండీ. అది ఎంత దెబ్బో చెప్పేది పడేవోడు." కాయ రాశిలోకి విసిరారు. "ఒక్క దెబ్బకి పగిలే కాయకి గుళ్ళో తప్ప ఎక్కడా మర్యాద లేదండీ. యుద్ధంలో అయితే అసలే లేదు."

"పడ్డవాడు చెడ్డవాడు కాదంటారు."

"చెడ్డోడు కాదు సరే. మంచోడు అవ్వాలంటే మళ్ళీ లేవబోవాలండీ. పడి, కర్ర కోసం చెయ్యి చాపి, మోకాలి మీద లేచి, ఆ క్షణాన చూసేవోళ్ళందరూ లేత్తాడు లేత్తాడు అనుకోవాల. అప్పుడు పడాల. లేవబోకుండా పడితే దాన్ని పడ్డం అనరండీ, పడుకోడం అంటారు. అది ఇంటి దగ్గర చేసే పని."

పడ్డాక కూడా ఆయనకో నియమం ఉండేది. తాషా ఆగేదాకా కదిలేవారు కాదు. చీమ కుట్టినా, పిల్లలు వచ్చి తొంగి చూసినా, కళ్ళు మూసుకుని అలాగే. తాషా ఆగాక మెల్లగా లేచి, శేషు కర్ర అందుకుని, కళ్ళకద్దుకుని, తిరిగి అతని చేతికి ఇచ్చేవారు. అప్పుడు పడే చప్పట్లు అంతకు ముందు పడినవాటి కంటే ఎక్కువ.

ఆ చప్పట్లు వినని మనిషి ఊళ్ళో ఒక్కరే. ఆయన భార్య. మాకు పిన్నిగారు. దసరా సాయంత్రం వీధి వీధంతా ఊరేగింపు వెంట వెళ్తే, ఆవిడ తలుపు దగ్గరికేసుకుని నువ్వుల నూనె కాచేవారు. గోడకి చెవులుంటాయంటారు గానీ, మా ఇంటి మధ్య గోడకి ఇటుపక్కన ఉన్నవి నా చెవులే. ఏటా అదే మాట వినిపించేది.

"గెలిచేరా?"

"దగ్గరికొచ్చేనే."

"నేను కాపరానికొచ్చిన కాడ్నించీ దగ్గరికే వత్తన్నారు. ఇంకా చేరలేదా? ఏదీ, వీపు ఇటు తిప్పండి."

తరవాత నూనె రాసిన చప్పుడు. "అబ్బా, మెల్లగా" అని ఆయన. "ఊళ్ళో వాళ్ళ దగ్గర పడ్డానికి లేని నొప్పి నా దగ్గర వచ్చిందా?" అని ఆవిడ. నేను ఇవతల నవ్వు ఆపుకోలేక దగ్గేవాణ్ణి. "కవిగారికి దగ్గు పట్టింది, ఇంత నూనె ఆయనకీ పంపు" అని బాబాయిగారు అరిచేవారు.

ఎనభైల్లోకి వచ్చేసరికి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. "పడ్డానికి ఇబ్బంది లేదండీ కవిగారూ. లేవబోడానికే వెనకాడతన్నాయి" అన్నారొక రోజు. ఆ దసరాయే ఆఖరుదని ఆయనే వీధి పెద్దలకి చెప్పేశారు. సరిగ్గా ఆ శ్రావణంలోనే పిన్నిగారు వాళ్ళ పుట్టింటి తరపు పెళ్ళికి రాజోలు వెళ్ళారు. అక్కడ పందిట్లో ఎవరో వేలు విడిచిన చెల్లెలు అందరి ముందూ నవ్విందట. "మా బావగారు ఏటా పడిపోతారటగా! ఈ యేడు కూడా ముహూర్తం పెట్టేసేరా అక్కా?" అందట. పిన్నిగారు భోజనం దగ్గర కూర్చోకుండా బస్సెక్కి వచ్చేశారు.

ఆ సాయంత్రం గోడ అవతల ఆవిడ గొంతు వినిపించింది. అందులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఇన్నేళ్ళూ ఊరికోసం పడ్డారు. నేనేవన్నా అన్నానా? ఈ ఒక్క యేడూ నాకోసం నిలబడండి. ఆఖరుదంటున్నారు. నేనూ వచ్చి చూత్తాను."

బాబాయిగారు "ఆయ్. అలాగే" అన్నారు. మొదటిసారి నాకు దగ్గు రాలేదు.

మర్నాడు శేషుని కాయల కొట్టుకి పిలిపించారు. నేను ఆఫీసుకి వెళ్ళబోతూ అక్కడే ఆగాను.

"శేషూ, ఈ యేడు నువ్వు పడాలిరా అబ్బాయ్."

శేషు మొహం చూడాలి. కోడిపుంజుని గుడ్డు పెట్టమన్నట్టుంది.

"నేనాండీ? అదేటండీ బాబాయిగారూ! ఏటా గెలిచేవోణ్ణి..." అన్నాడు. ఆయన మొహం చూసి తగ్గాడు. "పోన్లెండి. మీ అంతటోరు అడిగేరు. ఆఖరుదంటున్నారు కూడాను. పడతానండీ. అదేముంది, పడ్డమే కదా!"

"పడ్డమే కదా" అని బాబాయిగారు మెల్లగా అన్నారు. పక్కనున్న కాయ తీసి చెవి దగ్గర ఊపారు. ఏం వినిపించిందో, ఏ రాశిలోనూ వేయకుండా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

దసరాకి ముందు నెలంతా నేర్పడానికి ప్రయత్నించారు. కొట్టు వెనక కొబ్బరి పీచు గుట్టలా పోసి, దాని మీద పడటం సాధన. శేషు పడేవాడు, పడకేం. లారీ మీంచి బస్తా దింపినట్టు పడేవాడు. లేవబోరా అంటే పూర్తిగా లేచి నిలబడి "సరేనండీ, ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగేవాడు. బాధ మొహంలో చూపించరా అంటే పంటి నొప్పి వచ్చినట్టు చెంప పట్టుకునేవాడు. ఆ నెల బాబాయిగారు హోటల్లో నిట్టూర్చలేదు. గెలవబోయే మనిషికి భయం ఎక్కడినుంచి తేవాలో ఆయనకి తెలియలేదు. ఇడ్లీ తిని, డబ్బులిచ్చి, వచ్చేసేవారు. హోటలు ఆయన నన్ను పక్కకి పిలిచి, "బాబాయిగారికి ఒంట్లో బాగుంటల్లేదాండీ?" అని అడిగాడు.

"వద్దని పిన్నిగారికి చెప్పకూడదాండీ?" అన్నాను ఆయనతో.

"ఆవిడ నన్ను ఇన్నేళ్ళలో అడిగింది ఇదొక్కటేనండీ" అన్నారు.

దసరా సాయంత్రం. పెట్రోమాక్సు లైట్లు అప్పుడప్పుడే వెలిగిస్తున్నారు. మా హంసవాహనం ముందు వీధి నిండా జనం. మేడల మీద, గోడల మీద, ఆగిపోయిన బస్సు టాపు మీద కూడా. వెనక వీధివాళ్ళ వాహనం మా వెనకే వచ్చి నిలబడింది. మేం ఎప్పుడు ముగిస్తామా అని వాళ్ళ తాషావాళ్ళు కర్రలు తడుముకుంటున్నారు. మిఠాయి కొట్టు అరుగు మీద, కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని పిన్నిగారు కూర్చున్నారు. ఆవిడ తాలింఖానా చూడ్డానికి రావడం అదే మొదలు. ఆడవాళ్ళు ఆటని వదిలి ఆవిణ్ణే చూస్తున్నారు.

చిన్నవాళ్ళ కర్రలయ్యాయి, కత్తులయ్యాయి, దోసకాయ రెండు ముక్కలయింది. బాబాయిగారూ శేషూ బరిలోకి వచ్చారు. నేను మైకులో ఏదో ప్రాస కలిపాను. ఏమన్నానో గుర్తులేదు. గుర్తులేకపోవడమే దాని యోగ్యత.

కర్రలు తగిలాయి. ఒకటి, రెండు. మూడో దెబ్బ శేషు భుజం పక్కనుంచి పోయింది. శేషు ఆగాడు. కిందికి చూశాడు. కాలితో అక్కడున్న గులకరాళ్ళని జాగ్రత్తగా పక్కకి తోశాడు. ఆ తరవాత పడ్డాడు.

తాషావాడికి ఇంకా చేతులు వేడెక్కలేదు. అలవాటు లేని చోట యుద్ధం అయిపోయేసరికి నాలుగు దెబ్బలు ఎక్కువ వాయించి, తడబడి ఆపాడు. ఎక్కడా చప్పట్లు లేవు. వెనక వీధివాళ్ళ గుంపులోంచి ఒక గొంతు, "దుప్పటి కూడా ఇమ్మంటారేటండీ!" అంది. అంతే, వీధంతా గొల్లుమంది.

నేను బాబాయిగారినే చూస్తున్నాను. గెలిచిన మనిషి చెయ్యి ఎంత ఎత్తాలో ఆయనకి తెలియలేదు. కర్ర సగం ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తారు. ఎంతమంది వీరులకి గెలుపు మొహం తయారుచేసి పెట్టారో, ఆయన దగ్గర తనకోసం ఒక్కటీ మిగలలేదు. ఆ భారీ మనిషి నడివీధిలో, తప్పిపోయినవాడిలా నిలబడ్డారు. మెల్లగా తల తిప్పి అరుగు వైపు చూశారు. మాట నిలబెట్టుకున్నారు. ఆవిడ చేతికి ఇచ్చింది మాత్రం డొల్ల కాయ.

పిన్నిగారు లేచి నిలబడ్డారు. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు.

"గెలిచేరుగా, చాలండి! నా ముచ్చట తీరిపోయింది. ఇంక మీ ఆట మీరు ఆడుకోండి."

జనం నవ్వు ఆగిపోయింది.

"మళ్ళీ వీపు నొప్పంటే నేనేటీ అనను. నూనె కాచే వచ్చేను" అని, కొంగు సర్దుకుని కూర్చున్నారు.

ఆ మాటకి జనంలో లేచిన కేక ఎక్కడ మొదలైందో తెలియదు గానీ బస్సు టాపు మీదివాళ్ళు కూడా అందుకున్నారు. బాబాయిగారు నవ్వారు. ఆ నెలలో మొదటి నవ్వు. శేషు లేచాడు. దుప్పటి మాట అతనికి బాగా గుచ్చుకున్నట్టుంది, చెవులు ఎర్రగా ఉన్నాయి. కర్ర అందుకుని వచ్చాడు. ఈసారి ఆట కోసం రాలేదు. నిజంగా కొట్టడానికి వచ్చాడు.

మొదటి దెబ్బని బాబాయిగారు కర్ర అడ్డంపెట్టి ఆపారు. కర్రలు రెండూ ఠకీమని మోగాయి. "అద్దీ!" అన్నారు, బొండాం తాగి మెచ్చుకున్నట్టు. అక్కణ్ణించి శేషు కొడుతున్నాడు, ఆయన వెనక్కి వెళ్తున్నారు. వెనక్కి వెళ్తూ వెళ్తూ ఎలా తిరిగారో, శేషు కర్ర చేతిలోంచి ఎగిరి వాహనం పక్కన పడింది. శేషు ఉత్త చేతులతో నిలబడిపోయాడు. ఒక్క దెబ్బ చాలు. అమలాపురం ఊపిరి బిగబట్టింది.

బాబాయిగారు రెండడుగులు వెనక్కి వేశారు. కర్ర నేలకి ఆనించి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"తెచ్చుకోరా అబ్బాయ్. తొందరేం లేదు."

అప్పుడు లేచిన అరుపు నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. శేషు వెళ్ళి, వంగి, కర్ర తీసుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని మొహం మారిపోయింది. ఎన్నిసార్లు గెలిచాడో గానీ, తన ఎదురుగా ఉన్నదెవరో అప్పుడే చూసినట్టుంది. అక్కణ్ణించి ఇద్దరూ ఆడారు. చీకటి పడింది. వెనక వీధివాళ్ళు తమ వాహనం వదిలి మా బరి చుట్టూ చేరారు. దుప్పటి అన్న గొంతే, "జాగర్త బాబాయిగారూ!" అని అరిచింది.

చివరికి దెబ్బ పడింది. మొదట ఆయన కర్ర జారింది. తరవాత మోకాలు నేలకి తగిలింది. తరవాత ఒళ్ళంతా పక్కకి ఒరిగింది. శేషు తనకి తెలియకుండానే వెనక్కి తగ్గాడు. ఆయన చెయ్యి ఇసకలో పాకి కర్రని వెతుక్కుంది. దొరికింది. ఆనుకుని, ఒక మోకాలి మీద లేచారు. లేస్తాడు, లేస్తాడు అన్నది వీధంతా. నేనూ అన్నాను. ఇవన్నీ ముందే అనుకున్నవని తెలిసిన నేను, మైకులో, ప్రాస లేకుండా, "లేవండి బాబాయిగారూ" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. నిలబడి, మిఠాయి కొట్టు అరుగు వైపు ఒకసారి చూశారు. ఆ తరవాత నిలువునా పడిపోయారు.

ఆ పడటం ఆటో, మోకాళ్ళు నిజంగా మోసం చేశాయో, అన్నేళ్ళుగా చూస్తున్న నాకే తెలియలేదు.

"ఏవండీ!"

పిన్నిగారు అరుగు దూకారు. ఆ వయసులో ఎలా దూకారో ఆవిడకే తెలియాలి. జనం దారి ఇచ్చారు. నూనె కాచి ఉంచి వచ్చిన మనిషి, ఆయన పడతారని అందరికంటే బాగా తెలిసిన మనిషి, జుట్టు ఊడిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చి ఆయన పక్కన కూలబడి రెండు చేతులతో భుజాలు పట్టుకుని కుదిపారు. నేనూ మైకుతోనే పరుగెత్తాను. తాషా ఒకటే మోత.

దగ్గరికి వెళ్ళి వంగాను. బాబాయిగారి కళ్ళు మూసే ఉన్నాయి. పెదవులు మాత్రం సన్నగా కదిలాయి.

"ఉండవే. తాషా ఇంకా ఆగలేదు."

నేను గబుక్కున మైకు నోరు అరచేత్తో మూశాను.

పిన్నిగారు ఒక్క క్షణం బిగుసుకుపోయారు. తరవాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. అది నవ్వో, ఏడుపో, రెండూనో. ఆ కొంగు కిందినుంచి వచ్చిన మాట మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినిపించలేదు.

"ఈసారి బాగా దగ్గరికొచ్చేరండీ."

వీధి మాత్రం ఆవిడ ఏడుస్తున్నారనే అనుకుంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. శేషు కర్ర పక్కన పెట్టి తల దించుకుని నిలబడ్డాడు. వెనక వీధి తాషావాళ్ళు కూడా అలాగే అనుకుని, ఎవరూ చెప్పకుండానే మావాళ్ళ దరువులో దరువు కలిపారు. ఆవిడ ఆ ఇసకలోనే, కొంగు తీయకుండా, ఆయన పక్కన కూర్చుండిపోయారు. తాషా ఎంతకీ ఆగలేదు. నేను మైకు మీది చెయ్యి తీయలేదు.